దిద్దుబాటుకు వచ్చిన సారీ

ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరంలో పదకొండు పంక్తులున్నాయి. వాటిలో నాలుగు సారీలున్నాయి. ఉత్తరం పైన ఒక చిన్న పసుపు చీటీ అంటించి ఉంది. దాని మీద తెలుగులో, నాకు బాగా తెలిసిన వంకర అక్షరాలతో ఇలా ఉంది: "మాస్టారూ, ఇది డ్రాఫ్టు మాత్రమే. ఇంగ్లీషు ఒకసారి చూసి, తప్పులుంటే దిద్ది పంపండి. మీ చేత్తో దిద్దితే నాకదో తృప్తి. తర్వాత మందమైన కాగితం మీద ప్రింటు తీయించి, పైవాళ్ళ సంతకాలతో మీకే పంపిస్తాను."

నా భార్య పోయి అప్పటికి ఇరవై ఆరు రోజులు. ఆమె చావుకు నాకు చెప్పాల్సిన క్షమాపణను దిద్దిపెట్టమని నా దగ్గరికే పంపారు.

ఆ చీటీ రాసినవాడు ఆస్పత్రికి మేనేజరు. పద్దెనిమిదేళ్ళ కిందట మా బడిలో నా దగ్గర ఇంగ్లీషు చదివాడు. నన్ను అవమానించాలని అతను ఆ చీటీ రాయలేదు. గౌరవంతోనే రాశాడు. ఇంగ్లీషు ముక్క ఏది కనిపించినా మాస్టారికి చూపించాలనే బుద్ధి అతనికి బడిలోనే అబ్బింది. ఆ కాగితం దేని గురించో ఆలోచించే బుద్ధి మాత్రం ఏ తరగతిలోనూ అబ్బినట్టు లేదు.

నేను ఎర్ర సిరా పెన్ను తీశాను. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. కాగితం ముందుకొస్తే చెయ్యి పెన్ను వెతుక్కుంటుంది.

రెండో పంక్తిలో "మీ తండ్రిగారి విషయంలో" అని ఉంది. అంతకుముందు ఎవరి తండ్రికో రాసిన ఉత్తరాన్ని తీసి నా భార్యకు తొడిగారన్న మాట. నా భార్య దర్జీ పని చేసేది. వీధిలోని బడి పిల్లల చొక్కాలన్నీ ఆమె కుట్టినవే. ఒకసారి ఒకరి కొలతల చొక్కా ఇంకొకరి ఇంటికి వెళితే వారం రోజులు తలెత్తుకోలేకపోయింది. అయిదో పంక్తిలో "మీకు కలిగిన అసౌకర్యానికి సారీ" అని ఉంది. లిఫ్టు పనిచేయకపోతే అసౌకర్యం. వరండాలో కుర్చీలు చాలకపోతే అసౌకర్యం. నేను ఆ మాట చుట్టూ ఎర్రగా సున్న చుట్టాను.

ఆ సారీ అనే మాట గురించి నాకు కొంత తెలుసు. ప్రతి ఏడూ బడి తెరిచిన మొదటి వారంలో తొమ్మిదో తరగతికి నేను దాని పుట్టుక చెబుతాను. మనవాళ్ళు బస్సులో కాలు తొక్కినా సారీ అంటారు, తుమ్మినా సారీ అంటారు, ఫోను తప్పు నంబరుకు వెళ్ళినా సారీ అంటారు. తెలుగులోకి వచ్చి అంతగా స్థిరపడిన ఇంగ్లీషు మాటలు కొన్నే ఉంటాయి. దాని మూలం చాలా పాతది. దుఃఖాన్ని చెప్పే ఇంగ్లీషు మాట ఇంకొకటుంది, సారో అని. అది చూడ్డానికి దీని తోబుట్టువులా ఉంటుంది. చాలామంది అలాగే అనుకుంటారు కానీ, నా దగ్గరున్న పాత నిఘంటువు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోదు. సారీ పుట్టింది సోర్ నుంచి, అంటే పుండు అనే మాట నుంచి. మొదట్లో సారీ అంటే ఒళ్ళంతా నొప్పితో ఉన్నవాడని అర్థం. పుండు మీద పుండు పడి సలుపుతున్న మనిషి చెప్పుకునే మాట అది. ఎదుటివాడికి చెప్పి చేతులు దులుపుకునే మాటగా మారింది చాలా కాలం తర్వాత.

పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి నా భార్యకు గొప్పగా చెప్పాను. ఆమె అప్పుడు ఒక చొక్కా కాలరు తిప్పి కుడుతోంది. మిషను ఆపలేదు.

"ఏమండీ, పుండు ఉన్నవాడు కదా ఆ మాట అనాలి? మరి పుండు పెట్టినవాడు అంటున్నాడేంటి?"

నేను నిఘంటువు మళ్ళీ తెరిచాను. దానిలో జవాబు లేదు. ఆమె నోట్లోంచి గుండుసూది తీసి కాలరుకు గుచ్చి, "మీ ఇంగ్లీషువాళ్ళు భలే తెలివైనవాళ్ళండీ, కొట్టి మరీ ఏడుస్తారు" అంది.

ఆ తర్వాతే నేను క్లాసులో ఒక పద్ధతి పెట్టాను. తప్పు చేసిన పిల్లవాడు సారీ సార్ అనకూడదు. కాగితం మీద మూడు వాక్యాలు రాసివ్వాలి. నేను ఏం చేశాను. దానివల్ల ఎవరికి ఏమైంది. ఇప్పుడు నేను ఏం చేస్తాను. సారీ అనే మాట ఆ కాగితంలో ఎక్కడ కనిపించినా కొట్టేసి మళ్ళీ రాయిస్తాను. సారీ అయితే ఒక్క క్షణంలో అయిపోయేది కదా సార్ అని పిల్లలు గోల పెడతారు. నాకు మూడు ముక్కల మాస్టారని పేరు కూడా పెట్టారు. ఈ మేనేజరు తొమ్మిదో తరగతిలో లైబ్రరీ అట్లాసులోంచి ఒక పటం చింపి, ఆ మూడు వాక్యాలు రాయడానికి ఒక గంటా పది నిమిషాలు తీసుకున్నాడు. మొదటి వాక్యం దగ్గరే గంట పట్టింది. అక్కడే అందరికీ పెన్ను ఆగిపోతుంది.

ఆస్పత్రికి నేనిచ్చిన ఫిర్యాదులో అడిగింది ఒక్కటే. ఎనిమిది రోజులు ఆ రిపోర్టు ఎక్కడుంది?

నా భార్యకు కాళ్ళు వాచి, అన్నం సహించక, నాలుగు చొక్కాలు కుట్టేసరికి ఆయాసం వస్తుంటే సోమవారం రక్తపరీక్షకు ఇచ్చాం. మర్నాడు సాయంత్రం రిపోర్టు వస్తుందన్నారు. మర్నాడు బడి నుంచి నేరుగా వెళ్ళాను. రాలేదన్నారు. శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. రాలేదండి, వస్తే ఫోన్ చేస్తామన్నారు. ఇంటికొచ్చి, ఏమైనా తేడా ఉంటే వాళ్ళే చెప్పేవాళ్ళు కదా అని నా భార్యకు ధైర్యం చెప్పాను. ఆమె నవ్వి, "మీ పిల్లల పేపర్లయితే రెండు రోజుల్లో దిద్దేస్తారు. నా పేపరు ఎవరు దిద్దుతున్నారో, అంత కష్టంగా ఉందా?" అంది.

బుధవారం పొద్దున మిషను మీద తల వాల్చేసింది. అదే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు పాత రిపోర్టులేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఎవరో కిందికి వెళ్ళి అయిదు నిమిషాల్లో ఒక కవరు తెచ్చారు. లోపలి కాగితం మీద వారం కిందటి మంగళవారం తేదీ ఉంది. రెండు అంకెల చుట్టూ ఎర్ర సున్నలు ఉన్నాయి. కిడ్నీలు పనిచేయడం లేదని, రక్తంలో లవణం ఒకటి గుండెను ఆపేసేంతగా పెరుగుతోందని ఆ సున్నల అర్థం. అప్పుడే తెలిసి ఉంటే డయాలసిస్ పెట్టేవాళ్ళమని ఆ డాక్టరు చెప్పాడు. చిన్నవాడు, చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత అతనికి ఎవరో నేర్పి ఉంటారు. ఆ మధ్యాహ్నం రెండూ ఇరవైకి ఆమె పోయింది.

మొదటి డ్రాఫ్టు మీద, తండ్రి కాదు, భార్య అని రాశాను. అసౌకర్యం ఎవరికి అని రాశాను. ఆలస్యం ఎక్కడ, ఎన్ని రోజులు అని రాశాను. అడుగున, మూడు వాక్యాలు ఏవీ అని రాసి పంపాను.

మా బావమరిది ఆ సాయంత్రం వచ్చాడు. నా భార్యకు తమ్ముడు. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు నడుపుతాడు. అక్క పోయినప్పటి నుంచి కొట్టు కట్టేసి రోజూ నా దగ్గరికి వచ్చి, పది నిమిషాలు కూర్చుని, ఎవరో ఒకరిని తిట్టి వెళతాడు. ఆ రోజు సంగతి విని తిట్టడం మరిచిపోయాడు.

"వాడు కాపీ పంపితే నువ్వు దిద్దావా బావా?"

దిద్దానన్నాను.

"మార్కులేశావా?"

వేయలేదన్నాను.

"వెయ్యాల్సింది. మా అక్క ఉంటే సున్నా పెట్టి చెవి మెలేసేది." లేచి, అక్క మిషను మీద చెయ్యి వేశాడు. మిషను కుడికాలు కొంచెం పొట్టి. చెయ్యి పడగానే ఒరిగింది. ఆమె కాగితం మడిచి ఆ కాలు కింద పెట్టేది. అది నలిగిపోయినప్పుడల్లా, మీ డిక్షనరీలో పనికిరాని పేజీ ఏదైనా ఉంటే ఇవ్వండి అని అడిగేది. ఇప్పుడు ఆ మడత అట్టులా అణిగిపోయింది. సూది కింద సగం కుట్టిన కాలరు అలాగే ఉంది. ఇద్దరం దాని వంక చూడలేదు.

రెండో డ్రాఫ్టు నాలుగు రోజులకు వచ్చింది. ఈసారి సారీలు ఏడు. తీవ్రంగా సారీ, హృదయపూర్వకంగా సారీ, మా సంస్థ యావత్తూ సారీ. సంస్థ యావత్తూ అంటే ఆ గేటు దగ్గర బండ్లు నిలిపించే మనిషి కూడా అన్న మాట. ఆలస్యానికి కారణం "సాంకేతికం" అని ఉంది. పని తెలియనివాడికి, తెలిసినా చెప్పనివాడికి ఒకేలా అక్కరకొచ్చే మాట అది. ఆ సాయంత్రమే మేనేజరు ఫోన్ చేసి, ఈసారి బాగా కుదిరింది కదా మాస్టారూ అని అడిగాడు. భాష కుదిరింది, విషయం కుదరలేదన్నాను. విషయం అంటే ఏం కావాలో మీరే చెప్పండి, పెట్టించేస్తానన్నాడు. టిఫిను హోటల్లో పచ్చడి మార్పించినంత తేలిగ్గా అన్నాడు.

నేను సాంకేతికం అనే మాటను కొట్టేసి, పక్కన "ఎవరు?" అని రాశాను. దాని కింద రెండు గీతలు గీశాను.

వారం తర్వాత మూడోది వచ్చింది. దానిలో పన్నెండో పంక్తి ఒకటి చేరింది. రిపోర్టుల కౌంటర్లో ఉద్యోగిని నిర్లక్ష్యం వల్ల ఇలా జరిగిందని విచారణలో తేలింది, ఆమెను ఉద్యోగం నుంచి తొలగించాం అని ఉంది. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. దానితో పాటు ఇంకో కాగితం కూడా పంపారు. ఉత్తరం అందిందని, నేను సంతృప్తి చెందానని, ఫిర్యాదును ముగించవచ్చని దాని సారాంశం. సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టారు.

చెప్పకపోతే తప్పవుతుంది. ఆ పన్నెండో పంక్తి చదివి నాకు తృప్తి కలిగింది. ఎవరు అని అడిగాను, ఎవరో చెప్పారు. రెండు రోజులు ఆ తృప్తితోనే బడికి వెళ్ళి పాఠాలు చెప్పాను.

ఆదివారం పొద్దున ఆమె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. భుజాన సంచీ ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పకుండా నిలబడింది. నాకు ముఖం వెంటనే గుర్తొచ్చింది. అద్దం వెనక నుంచి రెండుసార్లు రాలేదండి అని చెప్పిన ముఖం అదే. లోపలికి రమ్మన్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నేను సారీ చెప్పడానికి రాలేదండి. ఆ మాట కౌంటర్లో రోజుకి యాభైసార్లు అనేదాన్ని, దానికేం విలువ లేదు. జరిగింది చెప్పిపోదామని వచ్చాను."

నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను.

ఆమె చెప్పింది ఇది. ఆ ఆస్పత్రిలో మామూలు రిపోర్టులు ఏ రోజువి ఆ రోజు గళ్ళ బీరువాలోకి వెళతాయి, వచ్చినవాళ్ళకు ఇచ్చేస్తారు. పరీక్షలో ప్రమాదమైన అంకె కనిపిస్తే ల్యాబులో దాని చుట్టూ ఎర్ర సున్న చుడతారు. ఎర్ర సున్న ఉన్నది పెద్ద డాక్టరు సంతకం లేకుండా కౌంటరు దాటకూడదు. పెద్ద డాక్టరు వచ్చేది గురువారం మాత్రమే. అప్పటిదాకా అవన్నీ ఆమె కుర్చీ వెనక మూడో సొరుగులో ఉంటాయి. సిబ్బంది దాన్ని గురువారం సొరుగు అంటారు. బాగున్నవాళ్ళకు ఆ సాయంత్రమే తెలుస్తుంది. చావు దగ్గరపడ్డవాళ్ళు గురువారం దాకా ఆగాలి. ఆ గురువారం పెద్ద డాక్టరు ఏదో సభకు ఊరు వెళ్ళాడు.

వెనకటికి సంతకం లేకపోయినా ఆమె నెమ్మదిగా ఫోన్ చేసి, ఒకసారి డాక్టరును కలవండి అని చెప్పేదట. ఒకరింట్లో వాళ్ళు వచ్చి గొడవ చేశారని, ఏడు నెలల కిందట మేనేజరు ఒక సర్క్యులరు అంటించాడు. సంతకం కాని రిపోర్టు గురించి ఎవరికీ ఏమీ చెప్పరాదు, రాలేదని మాత్రమే చెప్పాలి. నా భార్య రిపోర్టు గురించి ఆమె బుధవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి మేనేజరు గదికి వెళ్ళి అడిగింది. రూలు అందరికీ ఒకటేనన్నాడు.

"శుక్రవారం మీరు వచ్చారు" అంది ఆమె. "అది నా వెనకే ఉంది. తల తిప్పితే సొరుగు కనిపిస్తుంది. నేను తిప్పలేదు. రాలేదన్నాను. మీరు థాంక్స్ అని చెప్పి వెళ్ళారు."

అవును, చెప్పాను. చక్కగా, తల వంచి చెప్పాను.

"మీరు చెప్పి ఉండొచ్చు కదమ్మా" అన్నాను.

"చెప్పి ఉండొచ్చండి. ఉద్యోగం పోతుందని చెప్పలేదు." భుజాన సంచీ సర్దుకుంది. "మళ్ళీ పెట్టించమని అడగడానికి రాలేదు. నిర్లక్ష్యం అని రాశారంట. నేను ఆ రిపోర్టును నిర్లక్ష్యం చెయ్యలేదు. దాన్ని రోజూ చూశాను. చూసి మూసేశాను. అది ఇంకా పెద్ద తప్పు. కానీ వాళ్ళు రాసింది మాత్రం అబద్ధం."

ఆమె వెళ్ళిపోయాక మూడో డ్రాఫ్టు మళ్ళీ తీశాను. నేను రెండు వారాలుగా ఎర్ర సిరాతో అడుగుతున్నది ఆమె ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా, గుమ్మంలో నిలబడి చెప్పేసింది. నేను ఏం చేశాను. దానివల్ల ఏమైంది. మూడో వాక్యం మాత్రం చెప్పలేదు. ఇప్పుడు ఏం చేస్తానని చెప్పడానికి ఆమె చేతిలో ఏమీ లేదు. ఉన్న ఉద్యోగం నా రెండు ఎర్ర గీతల కింద పోయింది.

నేను క్లాసులో ముప్పై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నదే ఇది. ఎవరు చేశారర్రా అని గట్టిగా అడిగితే, స్నేహితులు తక్కువగా ఉన్న పిల్లవాడి వైపు నలభై వేళ్ళు లేస్తాయి. అందుకే నేను క్లాసులో ఎప్పుడూ ఎవరు అని అడగను. నీ కాగితం నువ్వు రాయి అంటాను. నా భార్య విషయం వచ్చేసరికి, పేరు కావాలని అడిగాను. వాళ్ళు తమకు బరువు కాని పేరు ఒకటి వెతికి ఇచ్చారు. నేను తీసుకుని తృప్తిపడ్డాను.

సోమవారం బడికి సెలవు పెట్టి మేనేజరు గదికి వెళ్ళాను. గది చల్లగా ఉంది. గోడ మీద "మీ చిరునవ్వే మాకు జీతం" అని అద్దం కట్టిన బోర్డు ఉంది. బల్ల మీద కన్నీళ్ళు తుడుచుకోవడానికి మెత్తటి కాగితాల పెట్టె, దాని పక్కనే సలహాల పెట్టె ఉన్నాయి. సలహాల పెట్టె తాళం తుప్పు పట్టింది. మేనేజరు లేచి నిలబడి, వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. వద్దన్నాను.

"మాస్టారూ, మీరెందుకొచ్చారు, కబురు చేస్తే మనిషిని పంపేవాణ్ణిగా. ఆ కాగితం మీద సంతకం పెట్టారా?"

గురువారం లైసెన్సు తనిఖీకి వస్తున్నారని, తెరిచి ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే ఉందని, నా సంతకం పడితే ఫైలు మూసేయవచ్చని అతనే చెప్పాడు. గురువారం అనే మాట అతని నోటి నుంచి ఎంత సాఫీగా వచ్చిందో చూశాను.

నేను సంచీలోంచి తెల్ల కాగితం తీసి అతని ముందు పెట్టాను.

"మూడు వాక్యాలు రాయి. సారీ వద్దు."

అతను నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపాడు. గురువారం సొరుగు గురించి, సర్క్యులరు గురించి, బుధవారం, శుక్రవారం కౌంటరు ఉద్యోగిని ఈ గదికి వచ్చి అడగడం గురించి నేను చెప్పాను. గొంతు పెంచలేదు. అతను మెత్తటి కాగితం ఒకటి లాగి నుదురు తుడుచుకున్నాడు. ఆ పెట్టె ఎవరికోసం ఉందో అప్పుడు తెలిసింది.

"అది అట్లాసు పటం మాస్టారూ. ఇది అలా కాదు. నేనే సర్క్యులరు పెట్టానని రాస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఆవిడ ఉద్యోగం ఏమీ రాయకుండానే పోయింది కదా."

"ఆవిణ్ణి ఎక్కడైనా పెట్టించొచ్చు మాస్టారూ. నా సంగతి అలా కాదు, నాకు పేరుంది."

పెన్ను మాత్రం తీసుకున్నాడు. మాస్టారు ఎదురుగా నిలబడితే చెయ్యి దానంతటదే పనిచేస్తుంది. "నేను" అని రాశాడు. తర్వాత అలాగే ఉండిపోయాడు. గోడ గడియారం కింద ముప్పై రెండేళ్ళ మనిషి, తొమ్మిదో తరగతి బెంచీ మీద ఆగిన చోటే మళ్ళీ ఆగాడు. నేను పావుగంట నిలబడ్డాను. గంటా పది నిమిషాలు నిలబడినా ఈసారి అతను రాయడని నాకు తెలిసిపోయింది. అప్పట్లో అతను పోగొట్టుకోవడానికి ఏమీ లేదు.

ఇక నాకు రెండు దారులున్నాయి. సంతకం పెట్టకుండా ఇంటికి వెళ్ళి, తనిఖీవాళ్ళకు ఫిర్యాదు తెరిచే ఉంచవచ్చు. వాళ్ళ చేతికి ఆ మూడో డ్రాఫ్టు ఇస్తారు. దానిలో పేరుంది, చర్య ఉంది, తప్పుల్లేని ఇంగ్లీషు ఉంది. వాళ్ళు చదివి తల ఊపుతారు. ఆమె ఉద్యోగం మాత్రం పోయినట్టే ఉంటుంది. సొరుగు కూడా ఉన్నట్టే ఉంటుంది.

"అయితే ఇంకో సంగతి విను" అన్నాను. "ఆ పన్నెండో పంక్తి తీసెయ్. ఆవిణ్ణి ఈ రోజే కౌంటర్లో కూర్చోబెట్టు. ఆ సర్క్యులరు నా కళ్ళ ముందు చింపు. ఎర్ర సున్న ఉన్న ప్రతి రిపోర్టుకీ అదే రోజు ఫోన్ చెయ్యాలని ఆర్డరు టైపు చేయించు. అప్పుడు నీ ఉత్తరం తీసుకుంటాను. ఎన్ని సారీలు కావాలంటే అన్ని పెట్టుకో."

ఎంత తొందరగా ఒప్పుకున్నాడంటే, నా మాట పూర్తవకముందే గంట నొక్కాడు. తన పేరు ఎక్కడా రాయనక్కర్లేదని తెలిశాక ఆ మనిషిలో ఎంత దయ పొంగిందో చెప్పలేను. టైపు చేసే అమ్మాయిని పిలిచాడు. తీసేసిన కౌంటరు ఉద్యోగినికి ఫోన్ చేయించాడు. నాకు కాఫీ తెప్పించాడు. నేను తాగలేదు.

మధ్యాహ్నానికి ఆమె వచ్చింది. ముగ్గురం కిందికి వెళ్ళాం. మేనేజరు సర్క్యులరు పీకుతుంటే గోడకున్న సున్నం పెచ్చు కూడా ఊడింది. మూడో సొరుగు తెరవమన్నాను. ఆ రోజు దానిలో నాలుగు రిపోర్టులున్నాయి. ఒకటి శుక్రవారానిది. ఆమె ఒక్కొక్కటే తీసి, నంబరు చూసి, ఫోన్ చేసింది. ఇప్పుడే రండి, ఏమీ తినకుండా రండి, ఎవరినైనా తోడు తెచ్చుకోండి అని చెప్పింది. నాలుగోవాళ్ళు ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. అవతల ఎవరో ఎత్తి మాట్లాడేదాకా నేను కౌంటరు దగ్గరే నిలబడ్డాను.

పైకి వెళ్ళేసరికి నాలుగో ప్రతి సిద్ధంగా ఉంది. అతను మాట తప్పలేదు. మందమైన కాగితం, పైన బంగారు రంగు ముద్ర. మళ్ళీ పదకొండు పంక్తులు, అయిదు సారీలు. "అనివార్య కారణాల వల్ల" అని ఉంది. నేను సంతృప్తి చెందాననే కాగితం మీద, పెన్సిలు గుర్తు పెట్టిన చోటే సంతకం పెట్టాను.

"ఇంగ్లీషు బాగుంది కదా మాస్టారూ?" అన్నాడు గుమ్మం దాకా వస్తూ.

"తప్పుల్లేవు" అన్నాను.

తలుపు తీస్తుంటే దాని అంచు నా మోచేతికి తగిలింది. "సారీ మాస్టారూ" అన్నాడు, ఆలోచించకుండా, ఎంతో బాధగా. ఆ ఒక్కటి మాత్రం నిజమైనదే అనుకుంటాను.

సాయంత్రం బావమరిది వచ్చాడు. అంతా విన్నాడు.

"సంతృప్తి చెందానని రాసిచ్చావా బావా?"

ఇచ్చానన్నాను.

"చెందావా?"

"లేదు."

"మరి అబద్ధం రాశావు."

"అవును."

అతను లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. వెళుతూ వెళుతూ, ఆ నాలుగోవాళ్ళు వచ్చారో లేదో కనుక్కున్నావా అని అడిగాడు. వచ్చారని ఆమె ఫోన్ చేసి చెప్పిందన్నాను. తల ఊపి వెళ్ళాడు.

మేనేజరు "నేను" అని రాసి వదిలేసిన తెల్ల కాగితాన్ని నేను వెనక్కి తెచ్చుకున్నాను. దాన్ని తిప్పి, వెనకవైపు నా మూడు వాక్యాలు రాయడానికి కూర్చున్నాను. రెండుసార్లు రాలేదంటే థాంక్స్ చెప్పి వచ్చేశాను. నా భార్య బుధవారం దాకా నా మాట నమ్మింది. మూడోది రాయలేదు. ఏం చేస్తానని రాయను? కాగితం మడిచి నిఘంటువులో పెట్టాను.

తర్వాత ఆస్పత్రివాళ్ళ ఉత్తరం తీసి, బంగారు ముద్ర లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టాను. వంగి, మిషను ఎత్తి, కుడికాలు కింద దాన్ని తోశాను. పైన చెయ్యి వేసి ఊపి చూశాను. కదల్లేదు. ఇన్నేళ్ళలో ఆ కాలు కిందికి అంత సరిగ్గా సరిపోయిన కాగితం ఇంకొకటి రాలేదు.